చీకట్లో నంబరు చదివే కెమెరా

మోటారు సైకిల్ వెనుక నంబరు ప్లేటు మీద అక్షరాల ఎత్తు 35 మిల్లీమీటర్లు, అంకెల ఎత్తు 40 మిల్లీమీటర్లు, రెండింటి గీత మందం 7 మిల్లీమీటర్లు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 51వ నియమం చెబుతుంది. కార్లకు, లారీలకు ఈ కొలత 65 మిల్లీమీటర్ల ఎత్తు, 10 మిల్లీమీటర్ల మందం. అనంతపురం జిల్లాలో ఊరి మొదట్లోనో, ఎరువుల కొట్టు ముందో, చీనీ తోట గేటు దగ్గరో సీసీ కెమెరా బిగించుకున్నవారికి రాత్రిపూట దానివల్ల ఎంత మేలు ఒరుగుతుందన్న ప్రశ్న చివరికి ఈ 7 మిల్లీమీటర్ల గీత దగ్గరే తేలుతుంది. ఎండ వెలుగులో ఒక మోస్తరు కెమెరా కూడా ఆ గీతను పట్టుకోగలదు గాని, పొద్దు గుంకిన తరువాత అదే కెమెరా బండి వచ్చిందని, పోయిందని మాత్రమే చెప్పి, అది ఎవరి బండి అన్నచోట మౌనం వహిస్తుంది.

ఈ మౌనం ఇక్కడ ఖరీదైనది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ జాతీయ రహదారి గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా కర్ణాటకలోకి సాగుతుంది. 67వ జాతీయ రహదారి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లుల గుండా బళ్ళారికి చేరుతుంది. 42వ జాతీయ రహదారి ఉరవకొండ నుంచి అనంతపురం, కదిరి మీదుగా మదనపల్లె వైపు దిగుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయి పెనుకొండ, కదిరి, హిందూపురం ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా దారులు మాత్రం అవే. రాయదుర్గం, మడకశిర, హిందూపురం వైపు పల్లెల్లో రాత్రి పోయిన గొర్రెల మంద గాని, బోరు మోటారు గాని, దాని రాగి కేబులు గాని తెల్లవారేలోగా రాష్ట్రం సరిహద్దు దాటిపోవడానికి ఈ దారులు చాలు. ఏటా దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే మెట్టనేలలో బోరు, మోటారు, పశువు అన్నవి కుటుంబం మొత్తం ఆస్తికి సమానం కనుక, వాటిని ఎత్తుకుపోయిన బండి నంబరు దొరకడం, దొరకకపోవడం అన్నది చిన్న తేడా కాదు.

దీనికి తోడు నంబర్ల పద్ధతిలో వచ్చిన ఒక మార్పు కెమెరా పనిని మరింత కష్టం చేసింది. గతంలో అనంతపురం జిల్లాలో నమోదైన బండ్లకు ఏపీ 02 అనే సంకేతం ఉండేది. ప్లేటులో మొదటి నాలుగు స్థానాలు కనబడితే చాలు, అది జిల్లా బండో పైజిల్లా బండో చెప్పడానికి వీలుండేది. 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతటా ఏపీ 39 అనే ఒకే సంకేతంతో నంబర్లు ఇవ్వడం మొదలైంది. అందువల్ల సగం చదివిన ప్లేటుకు ఒకప్పుడున్న విలువ తగ్గిపోయి, తరువాత వచ్చే అక్షరాలు, చివరి నాలుగు అంకెలు దొరికితేనే విచారణ ముందుకు నడిచే పరిస్థితి ఏర్పడింది. కర్ణాటక బండ్ల విషయంలో బళ్ళారికి కేఏ 34, చిక్కబళ్ళాపురానికి కేఏ 40 వంటి ప్రాంతీయ సంకేతాలు కొనసాగుతున్నాయి గాని, అక్కడా చివరి అంకెలు లేకుండా బండి దొరకదు.

రాత్రి కెమెరా ఎందుకు తడబడుతుందో తెలియాలంటే అది బొమ్మను ఎలా తయారుచేస్తుందో కొంత తెలుసుకోవాలి. కెమెరా లోపల వెలుగును గ్రహించే ఒక పలక ఉంటుంది. దానిని సెన్సర్ అంటారు. ఒక్కొక్క బొమ్మకు ఆ పలక ఎంతసేపు వెలుగును పోగుచేసుకుంటుందో ఆ కాలాన్ని షట్టర్ వేగం అంటారు. పగలు వెలుగు పుష్కలం కనుక సెకనులో వెయ్యో వంతు కాలం సరిపోతుంది. చీకటి పడగానే, ఎవరూ ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే, కెమెరా తనంతట తాను ఆ కాలాన్ని సెకనులో 25వ వంతు వరకు సాగదీస్తుంది; ఇంకా చాలకపోతే గెయిన్ అనే సౌకర్యంతో, అంటే అందిన బలహీనమైన సంకేతాన్ని విద్యుత్తుతో పెంచి, బొమ్మను తెల్లగా చూపిస్తుంది. వీధి, గోడ, చెట్టు, అరుగు అన్నీ చక్కగా కనబడతాయి. కొన్నవారు సంతోషిస్తారు, అమ్మినవారు డబ్బు తీసుకుని వెళ్తారు. కదలనివన్నీ బాగా కనబడుతున్నాయంటే కదిలేది చెదిరిపోతోందని అర్థమన్న సంగతి దొంగతనం జరిగిన మరునాడు గాని బయటపడదు.

లెక్క చాలా సులువు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లకు పైగా కదులుతుంది. సెకనులో 25వ వంతు కాలంలో అది దాదాపు 44 సెంటీమీటర్లు జరుగుతుంది. మోటారు సైకిల్ వెనుక ప్లేటు వెడల్పు 20 సెంటీమీటర్లే కాబట్టి, ఒక్క బొమ్మ తయారయ్యేలోగా ప్లేటు తన వెడల్పుకు రెండింతల దూరం దాటిపోయి, తెల్లని చారగా మిగులుతుంది. షట్టర్‌ను సెకనులో 500వ వంతుకు కుదిస్తే ఆ జరుగుదల 2.2 సెంటీమీటర్లకు, వెయ్యో వంతుకు కుదిస్తే 1.1 సెంటీమీటర్లకు తగ్గుతుంది. బండి కెమెరాకు అడ్డంగా గాక, దాదాపు ఎదురుగానో, నేరుగా దూరమవుతూనో పోయేటట్లు అమర్చుకుంటే ఈ జరుగుదలలో కొంత భాగమే బొమ్మలో పక్కకు కనబడుతుంది. బండి దారికి, కెమెరా చూపుకు మధ్య కోణం 30 డిగ్రీలైతే అది సగానికి, అంటే వెయ్యో వంతు షట్టర్‌కు ఐదున్నర మిల్లీమీటర్లకు దిగుతుంది. నియమావళి చెప్పిన 7 మిల్లీమీటర్ల గీత అప్పుడు గాని బతికి బయటపడదు. కార్ల కోసం సెకనులో 250వ వంతు చాలునని చెప్పే సలహాలు మోటారు సైకిళ్ళే ఎక్కువగా తిరిగే పల్లె దారుల్లో ఎందుకు పనికిరావో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే కాలాన్ని 25వ వంతు నుంచి వెయ్యో వంతుకు కుదించడమంటే సెన్సర్‌కు అందే వెలుగును 40 రెట్లు తగ్గించడమే. ఆ లోటును పూడ్చేది నంబరు ప్లేటు స్వభావమే. కొత్త వాహనాలన్నింటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ ప్లేటు అల్యూమినియం రేకుతో తయారై, పైన వెలుగును అది వచ్చిన దిక్కుకే తిప్పి పంపే పొరను కలిగి ఉంటుంది. అశోక చక్రం ఉన్న హోలోగ్రామ్, నీలి రంగులో ఐఎన్‌డి అన్న అక్షరాలు, లేజరుతో చెక్కిన శాశ్వత సంఖ్య దాని ఇతర లక్షణాలు గాని, రాత్రి కెమెరాకు కావలసింది ఆ పొర ఒక్కటే. మామూలు గోడ తనమీద పడిన వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది; ఈ పొర మాత్రం చీకట్లో టార్చి వేసినప్పుడు ఎద్దు కన్ను మెరిసినట్లు, వెలుగు వేసినవాడి వైపుకే దానిని వెనక్కి పంపుతుంది. కాబట్టి దీపం కెమెరా కన్ను పక్కనే ఉండాలి. దారికి అవతల స్తంభం మీద వెలిగే వీధి దీపం ఎంత పెద్దదైనా ఈ పనికి అంతగా అక్కరకు రాదు, కెమెరా చుట్టూ అమర్చిన చిన్న దీపాలు దానికంటే ఎన్నో రెట్లు ఉపయోగపడతాయి.

ఆ చిన్న దీపాలు వెదజల్లేది పరారుణ కాంతి, అంటే ఎరుపు రంగుకు ఆవలనున్న, మనిషి కంటికి కనబడని వెలుగు. వాడుకలో దాన్ని ఐఆర్ అంటున్నారు. బజారులో రెండు రకాలు దొరుకుతాయి. 850 నానోమీటర్ల రకం దీపాల్లో దగ్గరికి పోతే మసక ఎరుపు కనబడుతుంది; 940 రకంలో అదీ కనబడదు గాని, సెన్సర్లు ఆ కాంతిని తక్కువగా గ్రహిస్తాయి కనుక దూరం తగ్గిపోతుంది. నంబరు చదవడానికి మొదటిదే మేలు. పెట్టె మీద 30 మీటర్లనో 50 మీటర్లనో అచ్చువేసిన దూరాన్ని మనిషి నీడ కనబడే దూరంగా తీసుకోవాలే తప్ప నంబరు కనబడే దూరంగా తీసుకోకూడదు.

షట్టర్‌ను కుదించి, గెయిన్‌ను తగ్గించి, ఐఆర్ దీపాలను వెలిగించి ఉంచినప్పుడు వచ్చే బొమ్మను మొదటిసారి చూసినవారు కెమెరా చెడిపోయిందని అనుకుంటారు. తెరంతా నల్లగా ఉంటుంది. దారి కనబడదు, గోడ కనబడదు, బండి నడిపే మనిషి కనబడడు. బండి రాగానే హెడ్‌లైట్లు రెండు చిన్న తెల్లని చుక్కలుగా, వాటి మధ్య ప్లేటు తేటగా వెలిగి కనబడతాయి. కావలసినది ఇదే. మామూలు అమరికలో హెడ్‌లైటు కాంతి వ్యాపించి ప్లేటును మింగేస్తుంది. వెలుగును బాగా తగ్గించిన అమరికలో హెడ్‌లైటు తన స్థానంలో కుదించుకుపోగా, కెమెరా దీపాన్ని తిప్పి పంపే ప్లేటు నిలుస్తుంది. నంబరు చదివే కెమెరాకు తక్కినవన్నీ కనబడకుండా చేయడమే ఈ విద్యలోని అసలు కిటుకు. ఒకే కెమెరాతో వీధి మొత్తం కనబడాలి, మనిషి ముఖం తెలియాలి, నంబరూ చదవగలగాలి అనుకోవడం వల్లనే రాత్రి పూట ఏదీ పనికిరాకుండా పోతోంది. రెండు కెమెరాలు కావాలి. ఒకటి వెడల్పుగా చూసి బండి రంగు, ఆకారం, ఎక్కినవారి సంఖ్య చెప్పాలి. రెండోది ఇరుకుగా, నల్లగా, నంబరు మాత్రమే చూడాలి. నాలుగు అంకెల్లో ఒకటి చెరిగిపోయినా మిగిలేవి పది అవకాశాలే కనుక, మొదటి కెమెరా ఇచ్చిన రంగు, రకం వివరాలతో పోలీసులు వాటిని వడగట్టగలరు. ఈ రెండింటి జోడీకి ఉన్న బలం ఖరీదైన ఒంటరి కెమెరాకు లేదు.

రాత్రి కూడా రంగుల్లో చూపిస్తామనే కెమెరాల ప్రచారం ఈమధ్య జోరుగా సాగుతోంది. పెద్ద రంధ్రమున్న లెన్సు, తెల్లని దీపం, నెమ్మది షట్టర్ ఈ మూడింటి కలయికే ఆ రంగుల రహస్యం. ఇంటి ముంగిట నిలబడిన మనిషి చొక్కా రంగు చెప్పడానికి అవి మంచివే గాని, దూసుకుపోయే బండి నంబరుకు ఆ నెమ్మది షట్టర్ పగబట్టిన శత్రువు.

మెగాపిక్సెల్ సంఖ్య గురించి జరిగే ప్రచారమూ ఇలాంటిదే. పిక్సెల్ అంటే బొమ్మలోని అతి చిన్న చుక్క. కెమెరాలో ఎన్ని చుక్కలున్నాయన్నది కాదు, నంబరు ప్లేటు ఉన్నచోట మీటరుకు ఎన్ని చుక్కలు పడుతున్నాయన్నది చూడాలి. నిఘా కెమెరాలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం 62676లోని నాలుగో భాగం 2014 కూర్పు, ముక్కూ మొగం తెలియని మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకు 250 చుక్కలు ఉండాలంటుంది. ఆ లెక్కన కారు ప్లేటు మీది 65 మిల్లీమీటర్ల అక్షరానికి 16 చుక్కల ఎత్తు దొరుకుతుంది, కారు చదవడానికి అది సరిపోతుంది. మోటారు సైకిల్ మీది 35 మిల్లీమీటర్ల అక్షరానికి తొమ్మిది చుక్కలే దొరుకుతాయి, గీత మందానికి రెండు చుక్కలు కూడా రావు. అలాంటి బొమ్మలో 8కి, 3కి, బి అక్షరానికి తేడా పోతుంది. మీటరుకు 400 చుక్కల దాకా ఉంటే గాని ద్విచక్ర వాహనం విషయంలో ధీమాగా ఉండలేం.

ఇప్పుడు లెన్సు సంగతి. ఇళ్ళకు, కొట్లకు అమ్మే కెమెరాల్లో ఎక్కువ భాగం 2.8 మిల్లీమీటర్ల లెన్సుతో వస్తాయి. అది వెడల్పుగా చూసే కన్ను. నాలుగు మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 2560 చుక్కలు ఉంటాయి. సెన్సర్ వెడల్పు 4.8 మిల్లీమీటర్లు అనుకుంటే, 15 మీటర్ల దూరంలో ఆ లెన్సు దాదాపు 26 మీటర్ల వెడల్పు దృశ్యాన్ని పట్టుకుంటుంది, అంటే మీటరుకు వంద చుక్కలు. మోటారు సైకిల్ అక్షరానికి మూడున్నర చుక్కలు, గీతకు ఒక్క చుక్క కూడా లేదు. అదే కెమెరాకు 12 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే 15 మీటర్ల దూరంలో ఆరు మీటర్ల వెడల్పు మాత్రమే కనబడి, మీటరుకు 427 చుక్కలు పడి, అక్షరానికి 15, గీతకు మూడు చుక్కలు దొరుకుతాయి. పల్లె దారి వెడల్పు ఆరు మీటర్లలో ఇమిడిపోతుంది. కొనేటప్పుడు వేరిఫోకల్ లెన్సు, అంటే చూపు వెడల్పును మార్చుకోవడానికి వీలిచ్చే లెన్సు, 12 మిల్లీమీటర్ల దాకానో అంతకు మించో పోయేది అడిగి తీసుకోవాలి. ఎనిమిది మెగాపిక్సెల్ కెమెరాకు వెడల్పు లెన్సు తగిలించడం కంటే రెండు మెగాపిక్సెల్ కెమెరాకు ఇరుకు లెన్సు తగిలించడం ఈ పనికి మేలు. చుక్కల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్క చుక్క చిన్నదై, చీకట్లో దానికి అందే వెలుగు తగ్గిపోతుందన్న మరో కారణం కూడా ఇందుకు ఉంది.

నంబరు ప్లేటును యంత్రం చేత చదివించే ఆలోచన 1976లో బ్రిటన్ పోలీసుల శాస్త్ర పరిశోధన విభాగంలో పుట్టింది. 2003 ఫిబ్రవరిలో లండన్ నగర కేంద్రంలోకి వచ్చే వాహనాలపై రద్దీ రుసుము విధించినప్పుడు ఆ పద్ధతి ప్రపంచం దృష్టికి వచ్చింది. బ్రిటన్ ప్లేటు మీద అక్షరం ఎత్తు 79 మిల్లీమీటర్లు, గీత మందం 14 మిల్లీమీటర్లు, అంటే ఇక్కడి మోటారు సైకిల్ గీతకు సరిగ్గా రెండింతలు. ఆ దేశపు ప్లేట్లను దృష్టిలో పెట్టుకుని రాసిన అమరికలను యథాతథంగా తెచ్చి ఉరవకొండ వీధిలో వాడితే కార్లు చిక్కి మోటారు సైకిళ్ళు జారిపోవడంలో వింత ఏమీ లేదు. ఇక 44వ రహదారిపై మరూరు, కాసేపల్లి టోల్ ప్లాజాల వద్ద కెమెరాలు నంబర్లను చక్కగా పట్టుకుంటున్నాయంటే అందుకు కారణం ఆ కెమెరాల గొప్పతనం ఒక్కటే కాదు. అక్కడ బండి ఒకే ఇరుకు వరుసలోకి వస్తుంది, వేగం బాగా తగ్గించుకుంటుంది, పైన వెలుగు ఉంటుంది.

ఆ టోల్ వరుస నేర్పే పాఠాన్ని సొంత గేటు దగ్గర కూడా అమలుచేయవచ్చు. గంటకు పది కిలోమీటర్ల వేగంతో కదిలే బండి సెకనులో 250వ వంతు కాలంలో జరిగేది 1.1 సెంటీమీటర్లే; అంటే వేగాన్ని నాలుగో వంతుకు తగ్గించడం షట్టర్‌ను నాలుగు రెట్లు కుదించడంతో సమానం, పైగా అందులో వెలుగు నష్టం లేదు. కాబట్టి కెమెరాను నేరుగా సాగే దారి మీదికి గాక, ఇప్పటికే ఉన్న స్పీడ్ బ్రేకర్ మీదికో, మలుపు మీదికో, కల్వర్టు ముందున్న ఇరుకు మీదికో, గేటు మీదికో తిప్పడం ఖర్చులేని సవరణల్లో అన్నింటికంటే పెద్దది. ప్రజా రహదారి మీద సొంతంగా స్పీడ్ బ్రేకర్ కట్టుకోవడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు.

ఎత్తు, కోణం విషయంలో పాటించవలసిన హద్దు పక్కకు గాని, కిందికి గాని 30 డిగ్రీలు దాటకపోవడం. మూడు మీటర్ల ఎత్తున కెమెరా ఉంటే అర మీటరు ఎత్తున్న ప్లేటును నాలుగున్నర మీటర్ల దూరం నుంచే ఈ హద్దులో చూడవచ్చు. ఆరు మీటర్ల స్తంభం మీద బిగిస్తే పది మీటర్లకు దగ్గరగా వచ్చిన బండి ప్లేటు అణగిపోయి కనబడుతుంది. చేతికి అందకుండా ఉండాలని కెమెరాను వీలైనంత ఎత్తున కట్టడం ఇక్కడి అలవాటు. అందులో జాగ్రత్త ఉంది గాని, ఎత్తుతో పాటు దూరాన్నీ, దానికి తగిన లెన్సునూ పెంచుకోకపోతే అక్షరాలు కుదించుకుపోతాయి.

బండిని ముందునుంచి చూడాలా, వెనుకనుంచి చూడాలా అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో జవాబు స్పష్టం. మోటారు సైకిల్ ముందు ప్లేటు మీద అక్షరాల ఎత్తు 30, గీత మందం 5 మిల్లీమీటర్లు మాత్రమే; పక్కనే హెడ్‌లైటు మండుతుంటుంది. వెనుక ప్లేటు పెద్దది, అక్కడ ఎర్ర దీపం తప్ప కళ్ళు చెదిరే వెలుగు లేదు. కాబట్టి కెమెరా పోయే బండి వీపును చూడాలి. ట్రాక్టర్లు, లారీల విషయంలో ఇది తిరగబడుతుంది; ట్రాక్టరు వెనుక ట్రాలీ అడ్డుపడుతుంది, లారీ వెనుక ప్లేటు దుమ్ము పట్టో, తాళ్ళ చాటునో ఉంటుంది. పెన్నా, చిత్రావతి ఇసుక రేవులకు పోయే దారుల్లో బండ్లను పట్టాలనుకునే పంచాయతీలు ముందు వైపు చూసే కెమెరాను ఎంచుకోవడం మేలు.

కెమెరా మెనూలో మార్చవలసినవి మరికొన్ని ఉన్నాయి. షట్టర్‌ను ఆటో నుంచి తప్పించి స్థిరంగా పెట్టాలి. డబ్ల్యూడీఆర్ అనేది వెలుగు, నీడ రెండూ కనబడేలా వేర్వేరు కాలాల బొమ్మలను అతికించే సౌకర్యం. కదిలే ప్లేటు ఆ అతుకులో రెండుగా కనబడుతుంది కనుక దాన్ని ఆపివేయాలి. డీఎన్ఆర్ అనేది చీకటి బొమ్మలోని రవ్వ మచ్చలను వరుస బొమ్మల సరాసరితో చెరిపే సౌకర్యం. అతిగా వాడితే మచ్చలతో పాటు అంకెల అంచులనూ చెరిపివేస్తుంది, కాబట్టి కనిష్ఠంగా ఉంచాలి. హెచ్ఎల్‌సీ, అంటే తీవ్రమైన వెలుగును అణచే సౌకర్యం, షట్టర్‌ను చేత్తో మార్చుకోవడానికి వీల్లేని చౌక కెమెరాల్లో కొంత ఆదుకుంటుంది. సెకనుకు బొమ్మల సంఖ్యను డిస్కు ఆదా కోసం ఐదుకు తగ్గించడం చాలామంది చేసే పని. నంబరు చదవడానికి వీలైన దారి భాగం ఐదు మీటర్లే అయితే, 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి అందులో అర సెకను కంటే తక్కువ సేపు ఉంటుంది, ఐదు బొమ్మల లెక్కన రెండే దొరుకుతాయి, 25 లెక్కన పదకొండు దొరుకుతాయి.

ఫోకస్ విషయంలో ఒక మెలిక ఉంది. పరారుణ కాంతి మామూలు వెలుగుతో పోలిస్తే లెన్సులో కొద్దిగా వేరేచోట కేంద్రీకరిస్తుంది. పగలు సూటిగా సరిచేసిన ఫోకస్ రాత్రికి మసకబారడానికి కారణం ఇదే. కెమెరా బిగించేవారు సాధారణంగా పగలే వచ్చి పని ముగించుకుని పోతారు. ఈ కెమెరాకు మాత్రం వారిని చీకటి పడ్డాక రప్పించాలి. తెలిసినవారి మోటారు సైకిల్‌ను రోజూ బండ్లు పోయే వేగంతోనే అటూ ఇటూ నడిపించి, రికార్డయిన దృశ్యాన్ని ఒక్కొక్క బొమ్మగా ఆపి చూస్తూ, షట్టర్‌ను సెకనులో 250వ వంతు నుంచి మొదలుపెట్టి, గీతలు విడివిడిగా తేలేదాకా కుదించుకుంటూ పోవాలి. ప్లేటు అక్షరాలు లేని తెల్లని రేకుగా కనబడితే ఐఆర్ దీపం ఎక్కువైనట్లు, దానిని తగ్గించాలి. కొత్త ప్లేటుతో పాటు, రంగుతో రాయించుకున్న పాత ప్లేటున్న బండితో కూడా ఈ పరీక్ష జరపాలి. పాత ప్లేటుకు వెలుగును తిప్పి పంపే పొర లేదు కనుక అది నల్లని తెరలో కలిసిపోతుంది. రెండింటికీ సమానంగా సరిపోయే అమరిక లేదు. కొత్త ప్లేట్ల సంఖ్య పెరుగుతున్న ఈ కాలంలో వాటికే అనుకూలంగా పెట్టుకోవడం న్యాయం. ఆకుపచ్చ ప్లేటున్న విద్యుత్ వాహనాలతోనూ ఒకసారి పరీక్షించుకోవాలి, ఎందుకంటే కంటికి వేర్వేరుగా కనబడే రంగులు పరారుణ కాంతిలో ఒకేలా కనబడే అవకాశం ఉంది.

అనంతపురం గాలి, దుమ్ము ఈ అమరికలను ఎక్కువ కాలం నిలవనివ్వవు. రామగిరి కొండల మీద గాలిమరలు తిరగడానికి కారణమైన నైరుతి గాలులే జూన్ నుంచి ఆగస్టు దాకా కెమెరా స్తంభాన్నీ ఊపుతాయి. వెడల్పు లెన్సులో కనబడని ఆ ఊపు ఇరుకు లెన్సులో పెద్దదై అక్షరాలను చెదరగొడుతుంది, కాబట్టి సన్నని ఇనుప గొట్టానికి గాక గోడకో, కాంక్రీటు స్తంభానికో కెమెరాను బిగించాలి. లెన్సు మీద పేరుకున్న ధూళి పగలు అంతగా తెలియదు గాని, రాత్రి ఐఆర్ వెలుగు దానిమీద పడి బొమ్మ మొత్తానికి పాల పొర కమ్మినట్లు చేస్తుంది. గుండ్రటి పారదర్శక మూత ఉన్న డోమ్ రకంలో ఈ బాధ మరీ ఎక్కువ, పొడుగాటి బుల్లెట్ రకమే ఇక్కడికి తగినది. కన్ను ముందు సాలీడు అల్లిన గూడు, తొలకరి తరువాత ఎగిరే ఉసుళ్ళు తెల్లని మచ్చలై ప్లేటును కప్పివేస్తాయి. మెత్తని బట్టతో వారానికోసారి తుడవడం కంటే దీనికి వేరే మందు లేదు. తోటల్లో వాడే సౌర విద్యుత్ కెమెరాల సంగతి వేరు; బ్యాటరీ ఆదా కోసం అవి నిద్రపోతూ, కదలిక తెలిసినప్పుడే మేల్కొంటాయి, అవి మేల్కొనే లోగానే బండి పోయి ఉంటుంది. కరెంటు తీగ చేరని చోట నంబరు చదివే కెమెరా పెట్టాలనుకుంటే రాత్రంతా ఆగకుండా రికార్డు చేయగల బ్యాటరీ కావాలి.

చదివిన నంబరు సాక్ష్యంగా నిలవాలంటే కొన్ని లాంఛనాలున్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, రికార్డును న్యాయస్థానం ముందు పెట్టేటప్పుడు పరికరం ఎవరి అదుపులో ఉందో వారు, ఒక నిపుణుడు సంతకం చేసిన ధ్రువపత్రం జతచేయాలి. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలు నుంచి లెక్కగట్టిన ప్రత్యేక సంఖ్య, అందులో ఉండాలి. రికార్డరు గడియారం తప్పు సమయం చూపిస్తే ఆ ఒక్క లోపం చాలు, ఎదుటి పక్షం వాదనకు బలం చేకూరడానికి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, వందమందికి పైగా జనం చేరే సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని, రికార్డును 30 రోజులు భద్రపరచాలని చెబుతుంది. సెకనుకు నాలుగు మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే ఒక కెమెరా రోజుకు 43 గిగాబైట్లు నింపుతుంది, నెలకు 1.3 టెరాబైట్లు, డిస్కు కొనేటప్పుడు ఈ లెక్క చూసుకోవాలి. ఇరుకు లెన్సు కెమెరా పొరుగింటి గుమ్మంలోకి, కిటికీలోకి చూడకుండా దారి మీదికే తిరిగి ఉండేలా చూసుకోవడం ఊరి మర్యాద, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చిన తరువాత చట్టం దృష్టిలోనూ అదే క్షేమం.

కెమెరా బిగించినవారికి బిల్లు మొత్తం చెల్లించే ముందు పాఠకులు ఒక్కటి అడగాలి: చీకటి పడిన తరువాత, వీధి దీపం ఆర్పి, రోజూ పోయే వేగంతో ఒక మోటారు సైకిల్‌ను కెమెరా ముందు నడిపించి, ఆపి చూపిన ఒకే ఒక్క బొమ్మలో వెనుక ప్లేటు మొత్తం చదివి వినిపించమని కోరాలి, చదవలేకపోతే లెన్సు గాని, షట్టర్ గాని, స్థలం గాని మార్చమని పట్టుబట్టాలి.